ఇరవై ఏడో నంబరు చెత్తబుట్ట

ఉదయం తొమ్మిదీ పదికి సిటీ బస్సు దిగిన మనిషి తొమ్మిదీ పన్నెండుకు చనిపోయాడు.

మెడ వెనక చిన్న ఎర్ర చుక్క. అంతే. చుట్టూ మూగినవాళ్ళు గుండెపోటు అనుకున్నారు. గూఢచారి డిపార్ట్‌మెంటు అనుకోలేదు, ఎందుకంటే అతను డిపార్ట్‌మెంటు మనిషే. సరిహద్దు అవతల నుంచి నడిచే గొడుగు ముఠాలో పదకొండు నెలలు దూరి, ఆ ఉదయమే బయటపడి వస్తున్నాడు. తెచ్చిన కబురు నోట్లోనే పోయింది. జేబులో ఒక కరపత్రం మాత్రం దొరికింది. "ఫుడ్ ఫెస్టివల్‌ను ఆనందించడానికి పది చిట్కాలు." నాలుగో చిట్కా చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"ఎక్కడ క్యూ పొడుగ్గా ఉంటే అక్కడే అసలైన రుచి. వెంటనే వెళ్ళి నిలబడండి!"

పదిన్నరకు ఆ కరపత్రం పెద్దసారు బల్ల మీదికి చేరింది. బల్లకు ఇవతల నిలబడ్డ మనిషి దాన్ని రెండుసార్లు చదివి పెదవి విరిచాడు.

"ఏమంటావ్?" అన్నాడు పెద్దసారు.

"ఇది రాసినవాళ్ళెవరో గానీ, జన్మలో మేళాలో తిన్న మొహాలు కావు సార్."

ఆ మనిషి కోడ్‌నేమ్ విస్తరి. వయసు నలభై తొమ్మిది. పైకి కనిపించే ఉద్యోగం పేపరు ప్లేట్ల వ్యాపారం. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకూ మీటింగులకూ మేళాలకూ ప్లేట్లు వేస్తున్నాడు. ఎంతమంది వస్తారు, ఎంతమంది తింటారు, ఎంతమంది రెండోసారి పట్టిస్తారు అన్నది వంటవాడి కంటే ముందు అతనికి తెలిసిపోతుంది. అతన్ని ఎవరూ చూడరు. ప్లేటు అందుకునేవాడు వంటకం వైపు చూస్తాడు గానీ ప్లేటిచ్చినవాడి వైపు చూడడు. ఏజెంటుకు ఇంతకంటే మంచి వేషం లేదు.

"టార్గెట్ ఎవరు సార్?"

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కోడ్ రూమ్ మేడమ్."

కోడ్ రూమ్ మేడమ్ అతని సొంత అక్క. ఆ సంగతి డిపార్ట్‌మెంటులో పెద్దసారుకు ఒక్కడికే తెలుసు.

"రేపు ఉదయం ఆరింటికి కొత్త సైఫర్, అంటే మన సందేశాల రహస్య లిపి, అమల్లోకి వస్తుంది. కాగితం మీద లేదు, కంప్యూటర్లో లేదు. ఆవిడ తలలోనే ఉంది. బయటి దేశాల్లో మనవాళ్ళు నూట పన్నెండు మంది. ఈ రోజు ఆవిడ గొడుగు ముఠా చేతికి చిక్కితే, వారం తిరిగేసరికి వాళ్ళలో ఒక్కరు కూడా మిగలరు."

"ఇంట్లోనే ఉండమనండి."

"అన్నాను. ఇదిగో జవాబు."

చీటీ మీద గుండ్రటి అక్షరాలు. "సార్, ఏడాదంతా కిటికీ లేని గదిలో కూర్చుంటాను. ఈ ఒక్క పూట ఆకాశం కింద నిలబడి తింటాను. ఎవడికో జడిసి అది మానను. ఇది సెలవు దరఖాస్తు కాదు, సమాచారం."

"మేళా ఆపేస్తే?"

"నలభై వేల మందిని ఒక్కసారి గేటు వైపు తోలమంటావా? పైగా ముఠా జారుకుంటుంది. రేపు ఇంకోచోట మొదలెడుతుంది." పెద్దసారు ముందుకు వంగాడు. "నాలుగో చిట్కా అంటే నాలుగు గంటలని మనవాళ్ళ అంచనా. ఆ లోపు ఆవిడను బయటికి తీసుకురా. స్టేజీ మీద యాంకరమ్మాయి మన మనిషే. కోడ్‌నేమ్ మైకు. నీ ఇయర్‌పీస్‌లో వినిపించేది ఆమె గొంతే. మన ఏజెంటు చీపురు కూడా అక్కడే ఉంటుంది."

తర్వాత సొరుగులోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి పేపరు ప్లేటు. రెండు పొరల మధ్య పల్చటి స్టీలు రేకు. కత్తి దిగదు. రెండోది పెన్ను.

"మీట నొక్కితే మత్తు సూది పేలుతుంది."

"పోయినసారిది సిరా కక్కింది సార్."

"ఇది కొత్త మోడల్."

"సిరా కూడా కొత్తదే అయ్యుంటుంది," అంటూ జేబులో పెట్టుకున్నాడు.

*

మైదానం నిండా అరవై స్టాళ్ళు. పొగ, నెయ్యి వాసన, కాలిన మొక్కజొన్న వాసన, మనుషుల చెమట. స్పీకర్లలోంచి మైకు గొంతు తేనెలా కారుతోంది. ఆకుపచ్చ తళుకుల గౌను, ఎర్రటి పెదవులు, చేతిలో వెండిరంగు మైక్రోఫోను. ఆమె ఎటు చూపిస్తే జనం అటు తిరుగుతున్నారు.

విస్తరి కౌంటరు గేటుకు ఎడమపక్కన, నీడలో. రాగానే ప్రతి స్టాలుకూ కట్టలు పంచి వచ్చాడు. పిల్లలున్నవాళ్ళకూ రెండు కూరలు కలవకుండా తినేవాళ్ళకూ అదనంగా ప్లేట్లిచ్చేది ఇక్కడే.

రెండున్నరకు ఆవిడ వచ్చింది. యాభై ఆరేళ్ళు. తాడు కట్టిన కళ్ళజోడు, గుడ్డసంచి, కాన్వాసు బూట్లు. పెన్షను లెక్క తేల్చుకోవడానికి వచ్చిన టీచరమ్మలా ఉంది.

"ఏమయ్యా, ప్లేటు గట్టిదేనా?"

"పులుసు పోసినా మెత్తబడదమ్మా."

ఇరవై రెండేళ్ళుగా ఈ అక్కాతమ్ముళ్ళు కలిసేది ఏడాదికి ఒకసారి, ఈ కౌంటరు దగ్గరే. అదీ కొనేమనిషీ అమ్మేమనిషీగా. బయట 'ఏమయ్యా' అంటే అంతా బాగుందని. 'ఒరేయ్' అంటే ప్రమాదమని. ఆ మాట ఆవిడ ఇంతవరకూ వాడలేదు.

అతను ప్లేట్లు సర్దుతున్నట్టు తల వంచాడు. "అక్కా, ఇంటికి పో."

"పోను."

"నిన్ను ఎత్తుకుపోవడానికి వచ్చారే!"

"రానీ. నేను తినడానికి వచ్చాను. ఎవరి పని వాళ్ళది."

"నూట పన్నెండు మంది ప్రాణాలు..."

"వాళ్ళ పేర్లు నీకు తెలుసా? నాకు తెలుసు. నూట పన్నెండూ. వాళ్ళ సందేశాల్లో ఏముంటుందో తెలుసా? మూడో వంతు తిండి గురించే. అక్కడ రొట్టె బాగుండదనీ, కాఫీ నీళ్ళలా ఉంటుందనీ. వాళ్ళు నా తలుపు వెనక నేను దాక్కోవడం కోసం అక్కడ పస్తులుండట్లేదురా." చివరి 'రా' నోట్లోంచి జారగానే నాలిక కరుచుకుంది. "లేదయ్యా."

అతను చుట్టూ చూశాడు. ఈ గుంపులో ఆవిడ చెయ్యి పట్టి లాక్కెళ్ళితే నలభై వేల మంది చూస్తారు. ప్లేటు పట్టుకుని తిరిగే మనిషిని ఎవరూ చూడరు. ఎలా లెక్కేసినా తినడమే క్షేమం.

"సరే. తిను. కానీ నేను చెప్పినట్టు తిను."

"చెప్పు, మహానుభావా."

"మొదట ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరుగు. తినేచోటు తర్వాత, బయటికి పోయే దారులు ముందు చూసుకో. నడుమన నిలబడి తినకు, అంచున నిలబడు, వీపు వెనక తాడో గుంజో ఉండాలి. ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచు. చల్లటి డ్రింకు ముందే తాగకు, కడుపులో చోటు దండగ. ఇంకా ముఖ్యమైనది ఒకటుంది."

"ఏంటి?"

"క్యూ చూసి మోసపోకు. చెత్తబుట్ట చూడు. ప్లేట్లలో సగం సగం వదిలేసి ఉంటే ఆ స్టాలు దాటిపో. నాకినట్టు ఉంటే నిలబడు. క్యూ అబద్ధమాడుతుంది, ఎంగిలి ప్లేటు ఆడదు."

ఆవిడ కళ్ళజోడు వెనక కళ్ళు మెరిశాయి. "ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చెప్పావా ఈ ముక్క?"

"నువ్వు ఎప్పుడడిగావు?" అంటూ కట్ట కింద నుంచి స్టీలు రేకు ప్లేటు తీసి ఇచ్చాడు. "ఇది పారెయ్యకు. ఎన్ని తిన్నా ఇందులోనే తిను."

ఆవిడ గుంపులో కలిసిపోయింది.

ఇయర్‌పీస్‌లో మైకు గొంతు. "విస్తరీ, టార్గెట్ కనిపించిందా?"

"మొక్కజొన్న స్టాలు దగ్గర. ఒంటరిగా ఉంది."

"గుడ్. ఇక నేను చూసుకుంటాను."

మూడున్నరకు స్పీకర్లు మళ్ళీ మోగాయి. "ఫ్రెండ్స్! ఇరవై ఏడో నంబరు స్టాలు! తేనె పూసిన పొరల రొట్టె! నేనిప్పుడే ఒకటి తినేసి వచ్చాను, వేళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయి! ఆ క్యూ చూడండి, అదే సాక్ష్యం!"

విస్తరి నవ్వుకున్నాడు. పొరల రొట్టె అంటే అక్క ఆగదు. చిన్నప్పుడు అతని వాటా కూడా లాక్కుని తినేది. దూరంగా ఆవిడ కళ్ళజోడు తాడు ఇరవై ఏడు వైపు ఊగుతూ వెళ్ళడం కనిపించింది.

అప్పుడే చీపురు తన చెత్తబండి తోసుకుంటూ వచ్చింది. డిపార్ట్‌మెంటులో అరవై దాటినా రిటైరవ్వనని మొండికేసిన ఏజెంటు ఆవిడ. ఊడ్చేమనిషి వేషంలో మూడు రాయబార కార్యాలయాలు ఊడ్చింది.

"ఏం పిన్నీ, బండి నిండిందా?"

"నీ ప్లేట్లన్నీ దండగ చేస్తున్నారు నాయనా," అని గొణిగింది. "ఇరవై ఏడు బుట్ట చూడు. కొత్త ప్లేట్లు కొత్తగానే పారేశారు."

అతను బండిలోకి తొంగిచూశాడు. పైన వందకు పైగా ప్లేట్లు. తేనె జిగట లేదు. నూనె మరక లేదు. వేలిముద్ర తప్ప ఏమీ లేదు. పాలలా తెల్లగా ఉన్నాయి.

అతను ఒక ప్లేటు తీసి వాసన చూశాడు. ఒట్టి కాగితం వాసన.

బుర్రలో లెక్క దానంతటదే నడిచింది. క్యూలో ముప్పై మంది. బుట్టలో వంద ప్లేట్లు. తిన్న మరక సున్నా. అంటే ఆ ముప్పై మందే ప్లేటు తీసుకుని, పక్కకెళ్ళి పారేసి, మళ్ళీ వచ్చి నిలబడుతున్నారు. అది క్యూ కాదు. వల. మనిషి మధ్యలోకి రాగానే ముందు పదిహేను మంది, వెనక పదిహేను మంది దగ్గరికి జరుగుతారు. స్టాలు వెనక తెర లేస్తుంది. తెర వెనక తెల్లటి అంబులెన్సు అతను కట్టలు పంచినప్పటి నుంచీ నిలబడే ఉంది.

రెండో లెక్క ఇంకా చేదుగా ఉంది. ఇరవై ఏడులో ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క తినలేదు. మరి మైకు వేళ్ళు తియ్యగా ఎలా ఉన్నాయి?

క్యూనే సాక్ష్యమని కరపత్రం అన్న మాటే ఆమె కూడా అంది. అది రాసిందీ ఆమే. తిండి తెలియని మనిషి రాసిన నాలుగో చిట్కా.

టైము మూడూ యాభై రెండు. ఇయర్‌పీస్‌కు అవతల ఉన్నది ఆమే. దాంట్లో అరిస్తే శత్రువుకే వినిపిస్తుంది. అతను కౌంటరు మీది ప్లేట్ల దొంతరను బోర్లించాడు. వినేది ఏదీ నమ్మొద్దని పాత గుర్తు. చీపురు ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు.

"బండి ఎక్కడ పెట్టమంటావు నాయనా?"

"అంబులెన్సు ముందు. అడ్డంగా."

"చక్రం కూడా ఊడేట్టుంది పాపం," అంటూ ఆవిడ కదిలింది.

అతను ప్లేట్ల కట్ట చంకన పెట్టుకుని రెండడుగులు వేశాడో లేదో, ఎదురుగా ఆకుపచ్చ తళుకులు అడ్డం పడ్డాయి. మైకు స్టేజీ దిగి వచ్చింది. ఒక చేతిలో మైక్రోఫోను. రెండో చేతి మీద పట్టు స్కార్ఫు. స్కార్ఫు కింద ఇనుప మూతి అతని పక్కటెముకలకు తగిలింది.

"ప్లేట్లాయన్ని ఇంటర్వ్యూ చేస్తున్నాను," అంది నవ్వు చెదరకుండా. మైక్రోఫోను ఆఫ్‌లో ఉంది. "ఎనిమిది నిమిషాలు ఇక్కడే నిలబడు. తర్వాత ఇంటికెళ్ళి ప్లేట్లు అమ్ముకో."

"పొద్దున బస్సు దగ్గర మనవాణ్ణి చంపింది కూడా నువ్వేనా?"

"నీ గురించి అతను గొప్పగా చెప్పేవాడు. ఎందుకో అర్థం కాలేదు."

"రొట్టె ఎలా ఉంది?"

"ఏంటి?"

"తిన్నావుగా. పొరలు కరకరలాడాయా, మెత్తగా ఉన్నాయా?"

ఆమె కనుబొమ్మలు అరక్షణం ముడిపడ్డాయి. విస్తరికి ఆ అరక్షణం చాలు. అతని బొటనవేలు ఆమె మైక్రోఫోను మీట మీద పడింది. టక్.

స్పీకర్లు అరవై స్టాళ్ళ మీదా గరగరమన్నాయి. నలభై వేల తలలు తిరిగాయి.

"ఇప్పుడు కాల్చు," అన్నాడు పెదవులు కదపకుండా, ఆమెకు మాత్రమే వినిపించేలా. తర్వాత, సంతలో గొంతు ఎలా పెంచాలో తెలిసినవాడు గనక, పెంచాడు. "అమ్మలారా, అయ్యలారా! ఇరవై ఏడో నంబరులో ఒక రొట్టెకు ఒక రొట్టె కొసరు! ప్లేటు చేతిలో ఉన్నవాళ్ళకే! నడిచి రావాలి! పరుగెత్తినవాళ్ళకు కొసరు లేదు!"

కొసరు. ఆ ఒక్క మాటకు మైదానం మొత్తం కదిలింది. పరుగెత్తలేదు. కొసరు పోతుందని భయం. ప్లేట్లు గుండెకు హత్తుకుని, మోచేతులు బయటికి పెట్టి, నడవగలిగినంత వేగంగా నడిచారు. మైకు నవ్వు అలాగే అతుక్కుపోయింది. ఇంతమంది కళ్ళెదుట అది తప్ప వేరే దారి లేదు. ఊడ్చేవాళ్ళ వేషంలో ఉన్న చీపురు మనుషులిద్దరు చెరోపక్క చేరి స్కార్ఫుతో సహా ఆ చేతిని మడిచి పట్టుకున్నారు.

"నవ్వమ్మా, నవ్వు," అంది వాళ్ళలో ఒకావిడ. "ఫోటోలు తీస్తున్నారు."

*

ఇరవై ఏడు దగ్గర గొడుగు ముఠా ఆరు దేశాల్లో శిక్షణ పొందిన ముప్పై మందిని నిలబెట్టింది. పిస్తోలు తియ్యడం నేర్పింది, కారు దూకించడం నేర్పింది. కొసరు కోసం వచ్చిన గృహిణులను ఆపడం మాత్రం నేర్పలేదు.

"ఏయ్, జరుగు. ఎంతసేపు నిలబడతావు?"

"మేడమ్, లైన్..."

"నీ లైన్ నువ్వే పట్టుకో. పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఇక్కడే నిలబడ్డావు, చూశాను. నీకొక్కడికేనా ఆకలి?"

"వడ్డించవేంటయ్యా? ఆ రొట్టె ఏమన్నా బొమ్మా?" ఒక పెద్దావిడ స్టాలు లోపలి మనిషి కాలరు పట్టుకుంది. అతను గొడుగు ముఠాకు ఈ ఖండం మొత్తానికి అధిపతి. "పిండి కలిపే చేతులేనా అవి? ఎప్పుడన్నా కలిపావా?"

ఈ గొడవకు అవతల, క్యూ నడుమ, ఇద్దరు దృఢకాయులు అక్కను చెరో భుజం పట్టి తెర వైపు నెడుతున్నారు. ఒకడి చేతిలో సిరంజి. విస్తరి జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. ఇంకా పది అడుగులు. మూడూ యాభై తొమ్మిది. తెర లేచింది.

అప్పుడు వినిపించింది, స్పీకర్లను మించిన గొంతు. ఇరవై రెండేళ్ళు దాచిపెట్టిన మాట.

"ఒరేయ్ తమ్ముడూ!"

సిరంజి దిగబోయింది. అక్క ఖాళీగా ఉంచుకున్న చేత్తో ప్లేటు అందుకుని అడ్డం పెట్టింది. టింగుమని శబ్దం. సూది వంకీ తిరిగింది. వాడు తెల్లబోయి ప్లేటు వైపు చూసేసరికి విస్తరి పెన్ను వాడి ముఖానికి ఎదురుగా ఉంది. మీట నొక్కాడు.

సిరా కక్కింది.

కళ్ళ నిండా నీలంతో వాడు కేకపెట్టి కూలబడ్డాడు. రెండోవాడు అంబులెన్సు వైపు దూకాడు. దాని ముందు చక్రం ఊడిన చెత్తబండి, పక్కన చీపురు పట్టుకుని పిన్ని.

"చూసుకుని నడువు బాబూ," అంది. చీపురు కర్ర అతని మోకాళ్ళ వెనక తగిలింది.

నాలుగు కొట్టింది. ముప్పై మందీ ఎక్కడివాళ్ళక్కడే, జనం మధ్య అప్పడాల్లా ఇరుక్కుని ఉన్నారు. పోలీసులు వచ్చి ఒక్కొక్కణ్ణి ఏరుకున్నారు. ఖండాధిపతిని మాత్రం పెద్దావిడలు అప్పగించలేదు. రొట్టెలు కాల్చనిదే కదలనివ్వలేదు.

విస్తరి అక్క చెయ్యి పట్టుకుని అంచుకు లాగాడు. వీపు వెనక తాడు. ఇద్దరికీ ఆయాసం.

"చెత్తబుట్ట చూడమని చెప్పానా లేదా?"

"చూశాను. తెల్లగా ఉంది. అందుకే నిలబడ్డాను."

"ఏంటీ?"

"నేను పారిపోతే ముప్పై మందీ పారిపోతారు. నేను నిలబడితే ముప్పై మందీ నిలబడతారు. లెక్కలు నీకొక్కడికే వచ్చనుకున్నావా?" కళ్ళజోడు సర్దుకుంది. "ప్లేట్లమ్మే తమ్ముడికి తెల్లటి ప్లేటు కంటబడకుండా పోతుందా?"

"ఒక్క నిమిషం ఆలస్యమైతే..."

"కాలేదుగా. రేపు ఆరింటికి సైఫర్ మొదలవుతుంది. మన నూట పన్నెండు మందీ కాఫీ బాగోలేదని మళ్ళీ రాస్తారు." ఆవిడ ఖండాధిపతి కాల్చిన రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుని నమిలింది. ముఖం ముడుచుకుంది. "ఒరేయ్!"

విస్తరి చెయ్యి చటుక్కున పెన్ను మీదికి పోయింది. "ఎక్కడ? ఎవరు?"

"ఏం లేదురా. మాడింది. తిను." అని సగం అతనికి ఇచ్చింది. చిన్నప్పటి నుంచి ఇదే మొదటిసారి.

*

మర్నాడు ఉదయం ఆరింటికి నూట పన్నెండు చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. ఏడింటికి పెద్దసారు రిపోర్టు చదివి, సంతకం పెట్టబోయి ఆగాడు.

"అంతా బాగుంది. స్టీలు రేకు ప్లేటు మాత్రం స్టోర్సుకు తిరిగి రాలేదు. ప్రభుత్వ సామాను."

"అక్కను అడిగాను సార్. ఇవ్వనంది."

"ఎందుకు?"

"వచ్చే ఏడాది మేళాకు కావాలట. ఇది దరఖాస్తు కాదు, సమాచారం అని చెప్పమంది."